కుర్చీ కదిలిన చోట చుక్క

కథ చదవబోయే మనిషి మొదటి వాక్యానికి ముందు ఒకసారి గొంతు సవరించుకుంటాడు. ఆ చప్పుడు విని చాలా ఏళ్లయింది. ఇప్పుడు కథలు ఫోన్‌లో చదువుతున్నాం. నచ్చితే బాగుందని ఒక ముక్క రాస్తున్నాం, నచ్చకపోతే ఊరుకుంటున్నాం. నాకు మాత్రం కథ అనగానే ముందు ఆ గదే గుర్తొస్తుంది. మేడ మీద పొడుగాటి గది, పన్నెండు ఇనప కుర్చీలు. కూర్చున్నవాళ్లు ఏమాత్రం కదిలినా కిర్రుమనేవి. నెలలో రెండో ఆదివారం మధ్యాహ్నం మూడింటికి అక్కడ చేరేవాళ్లం. అందరం కథలు రాసేవాళ్లమే. కొందరివి అప్పటికే పుస్తకాలుగా వచ్చాయి, నాలాంటివాళ్లవి పత్రికల్లో ఒకటో రెండో పడ్డాయి. ఎవరి కథ వాళ్లు పైకి చదవాలి, మిగతావాళ్లు వినాలి, తర్వాత దాని గురించి మాట్లాడుకోవాలి. వేదిక లేదు, మైకు లేదు, అధ్యక్షుడు లేడు.

తొమ్మిదేళ్లు వెళ్లాను. జ్వరం వచ్చిన రెండు ఆదివారాలు తప్ప మానలేదు.

మా అందరిలో పెద్దవారు మాస్టారు. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. వయసులో ఉండగా ఆకాశవాణిలో తన కథలు తానే చదివేవారు. ఆయనకి ఒక చెవి బొత్తిగా వినపడదు, రెండోది అంతంతమాత్రం. అందుకని కథ చదివేవాళ్లు ఆయన కోసం ఒక జెరాక్సు కాపీ తెచ్చేవాళ్లు. మిగతా ఎవరికీ కాగితం ఇవ్వకూడదని నియమం. కాగితం చేతిలో ఉంటే కళ్లు ముందుకు పరిగెడతాయి, చెవులు పనిచేయడం మానేస్తాయి అనేవారు. ఆయన మాత్రం ఆ కాపీని ఒళ్లో పెట్టుకుని, పెన్సిల్ పట్టుకుని, కళ్లజోడు పైనుంచి మమ్మల్ని చూస్తూ ఉండేవారు. మధ్యమధ్య కాగితం అంచున ఒక చుక్క పెట్టేవారు. తప్పు దొరికిందేమోనని చదివేవాళ్లకి గుండె దడ.

నేను మొదటిసారి వెళ్లినరోజు ఆయన గురజాడ ‘దిద్దుబాటు’ తెచ్చారు. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా ఆ కథే చదువుతారని తర్వాత తెలిసింది. 1910లో వచ్చిన ఆ కథతోనే తెలుగులో ఆధునిక కథ మొదలైందని చాలామంది అంటారు. కాదు, 1902 నాటికే భండారు అచ్చమాంబ కథలు ఉన్నాయి కదా అనేవాళ్లూ ఉన్నారు. నేనూ ఆ రెండో పక్షమే. ఆ వాదన ఎలా ఉన్నా, ‘దిద్దుబాటు’లో మొదటి మాట ‘తలుపు! తలుపు!’ అని. రాత్రి బాగా పొద్దుపోయాక ఇంటికొచ్చిన మొగుడు పిలిచే పిలుపు. మాస్టారు ఆ రెండు మాటల్నీ ఏ నటనా లేకుండా, పక్కింటివాళ్లని పిలిచినట్టు మామూలుగా అని, ఆగి, నావైపు చూశారు.

“చూశావామ్మా, ఊరు ఎలా ఉందో చెప్పలేదు, ఆకాశం ఏ రంగులో ఉందో చెప్పలేదు. నోటితో మొదలుపెట్టాడాయన.”

ఇంటికెళ్లి నా కథలన్నీ తీసి మొదటి వాక్యాలు చూసుకున్నాను. అన్నీ ఆకాశంతోనే మొదలయ్యాయి.

నా వంతు నాలుగో నెలలో వచ్చింది. తొమ్మిది పేజీల కథ. రైల్వే ప్లాట్‌ఫామ్ మీద ఇద్దరు అన్నదమ్ములు ఆస్తి కాగితాల గురించి మాట్లాడుకుంటారు. బండి రాదు. ఇద్దరూ ఒకే బెంచీ మీద ఆ రాత్రంతా కూర్చుంటారు. ఐదో పేజీలో వాన గురించి ఒక పేరా ఉంది. దాని మీద నేను పడ్డ కష్టం మిగతా కథంతటి మీదా పడలేదు. ఒక్కో మాట మార్చి మార్చి రాశాను. అది చదివినప్పుడు అందరూ తలెత్తి చూస్తారని రాత్రి నిద్రపట్టలేదు.

చదివాను. చేతులు వణికాయి, గొంతు ఎండిపోయింది, కానీ చివరిదాకా చదివాను. మాట్లాడటం మొదలైంది. అన్న పాత్ర బాగుందన్నారు, తమ్ముడు మరీ మంచివాడైపోయాడన్నారు. వాన సంగతి ఎవరూ ఎత్తలేదు. చివర్లో మాస్టారు కాపీ నా చేతికిచ్చి ఐదో పేజీ చూపించారు.

“ఈ పేరా చదవలేదు నువ్వు.”

“చదివాను మాస్టారూ.”

“లేదమ్మా. నాలుగో పేజీ చివర ‘తమ్ముడు బెంచీకి ఆనుకున్నాడు’ అన్నావు. వెంటనే ‘ఆస్తి ఏం చేసుకుంటాంరా’ అన్నావు. మధ్యలోది దాటేశావు.”

నమ్మలేదు. పక్కన కూర్చున్నవాళ్లని అడిగాను. వాన అన్న మాటే వినలేదన్నారు. పేజీ తిప్పిన కంగారులో జారిపోయిందనుకున్నాను. మాస్టారు ఆ పేరా ఇప్పుడు పైకి చదవమన్నారు. చదివాను. మూడో వాక్యంలో ఊపిరి చాల్లేదు. ఐదో వాక్యంలో నాలుక రెండుసార్లు తడబడింది. అన్నదమ్ములిద్దరూ నోట్లో మాట దాచుకుని కూర్చున్న చోట నేను వచ్చి వాన గురించి ఉపన్యాసం మొదలుపెట్టానని, చదువుతుంటే నాకే తెలిసింది. రాస్తున్నప్పుడు తెలియలేదు, కళ్లతో పాతికసార్లు చూసుకున్నప్పుడూ తెలియలేదు.

“నీ నోరే దాన్ని కొట్టేసింది. నువ్వు కూడా కొట్టేయ్,” అన్నారు.

కొట్టేశాను. ఆ కథ అచ్చయినప్పుడు ఆ ప్లాట్‌ఫామ్ మీద ఒక్క చినుకు కూడా లేదు.

అప్పుడే ఆయన ఫ్లాబేర్ సంగతి చెప్పారు. ఆ ఫ్రెంచి రచయిత రాసిన ప్రతి వాక్యాన్నీ గదిలో నిలబడి గొంతు చించుకుని అరిచి చూసుకునేవాడట, పలకడానికి అడ్డం వచ్చిన వాక్యాన్ని మార్చేవాడట. ఇంకో సంగతి కూడా చెప్పారు, అది విన్నాక వారం రోజులు నా మనసులోంచి పోలేదు. 1849లో ఫ్లాబేర్ తన కొత్త రచనని ఇద్దరు స్నేహితులకి చదివి వినిపించాడు. రోజుకి ఎనిమిది గంటలు, నాలుగు రోజులు. అంతసేపూ వాళ్లిద్దరూ ఏమీ అనకుండా విన్నారు. అంతా అయ్యాక, దీన్ని పొయ్యిలో వేసి ఇక దాని ఊసెత్తకు అన్నారు. ఆ ఇద్దరిలో ఒకరు తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్న విషయమిది. ఫ్లాబేర్ దాన్ని కాల్చలేదు. తిరగరాసి, పాతికేళ్ల తర్వాత 1874లో అచ్చు వేశాడు. “ముప్ఫై రెండు గంటలు విన్నారమ్మా వాళ్లు. కాల్చెయ్ అన్నది పెద్ద విషయమే. కానీ ముప్ఫై రెండు గంటలు కూర్చుని వినే స్నేహితుడు ఒక్కడున్నా చాలు రాసేవాడికి,” అన్నారు మాస్టారు.

మేము ముప్ఫై రెండు గంటలు ఎప్పుడూ వినలేదు గాని, ఒక ఆదివారం వరసగా ఐదు కథలు విన్నాం. కరెంటు పోతే కిటికీ దగ్గరికి జరిగి, వెలుతురు తగ్గేకొద్దీ కాగితాన్ని కళ్లకి దగ్గరగా పట్టుకుని చదివిన మనిషి ఇప్పటికీ కళ్లముందు ఉన్నాడు. ఆఖరి పేజీ ఆయనకి కనిపించలేదు. గుర్తున్నంతవరకు చెప్పేశాడు. ఆ కథకి ఆ చెప్పిన ముగింపే బాగుందని, రాసుకున్నది తీసేసి అదే ఉంచాడు.

మాలో ఒకాయన నాటకాలు వేసేవాడు. గొంతు గంభీరంగా ఉండేది. ఆయన చదివితే ముసలమ్మ ముసలమ్మలా, పోలీసు పోలీసులా మాట్లాడేవాళ్లు. ఒకసారి ఒక కథ చదివాడు, గదిలో ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. మాట్లాడటానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు, అందరం బాగుందన్నాం. మాస్టారు మాత్రం వచ్చే నెల ఇదే కథని వేరేవాళ్లు చదవాలి అన్నారు. ఆయనకి కాస్త కష్టమనిపించింది, అయినా ఒప్పుకున్నాడు. వచ్చే నెల అదే కథ నేను చదివాను, మామూలు గొంతుతో. రెండో పేజీకే కుర్చీలు కిర్రుమన్నాయి. ముసలమ్మ పోలీసుతో చెప్పిన మాటలు కాగితం మీద ఒట్టి మాటలే. బాధంతా ఆయన గొంతులో ఉంది, కథలో లేదు. తన కథని ఇంకొకరి నోటి నుంచి వింటూ ఆయన తలవంచుకుని నోట్సు రాసుకున్నాడు. మూడు నెలల తర్వాత మళ్లీ తెచ్చాడు. ఈసారి తనే, మరీ చప్పగా చదివాడు. గది మాత్రం కదల్లేదు.

అది విన్నరోజున మాస్టారు ఇంగ్లీషు నవలాకారుడు డికెన్స్ గురించి చెప్పారు. ఆయన 1858 నుంచి డబ్బులు తీసుకుని జనం ముందు తన రచనలు చదివేవాడు, చనిపోయిన ఏడాది 1870 మార్చిలో ఆఖరిసారి చదివాడు. అచ్చయిన పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివేవాడు కాదు. చదవడానికి వేరే ప్రతి తయారుచేసుకుని, పేరాలకి పేరాలు కొట్టేసి, ఎక్కడ చెయ్యి ఎత్తాలో, ఎక్కడ భయం పుట్టాలో అంచున రాసుకునేవాడు. “అది వేరే కళ. అది గొప్పదే. మనం ఇక్కడ చేసేది అది కాదు. ఇక్కడ కథకి మన గొంతు సాయం చెయ్యకూడదు,” అన్నారు. ఈ విషయంలో నేను ఆయనతో పూర్తిగా ఏకీభవిస్తాను. కథల సభలకి వెళ్లినప్పుడు ఎవరైనా ఏడుపు గొంతుతో చదువుతుంటే నాకు ఇప్పటికీ ఆ కాగితం లాక్కుని మామూలుగా చదివి చూడాలనిపిస్తుంది.

రేడియో అనుభవం ఆయనకి ఇంకో అలవాటు నేర్పింది. ప్రతి పేజీ అడుగున నిమిషాలు రాసేవారు. స్టూడియోలో ఎర్ర లైటు వెలిగాక ఇచ్చిన టైము దాటకూడదు కదా. ఎక్కడ చదవడం నెమ్మదించిందో, ఎక్కడ పరిగెత్తిందో ఆ అంకెలు చెప్పేవి. రాసినవాడికే విసుగొచ్చిన పేజీ ఎప్పుడూ తక్కువ టైములో అయిపోతుందని ఆయన కనిపెట్టారు. నిజమే, నేనూ చాలాసార్లు చూశాను. మనకి తెలియకుండానే గబగబా చదివేస్తాం.

చుక్కల గురించి మాత్రం అడగడానికి నాకు రెండేళ్లు పట్టింది.

“అవి తప్పులు కాదమ్మా, కుర్చీలు,” అన్నారు. “ఆ చప్పుడు నాకు వినపడదు. కానీ మనిషి కదలడం కనపడుతుంది. ఎవరైనా కాలు మార్చుకున్నా, గడియారం వైపు చూసినా అక్కడ ఒక చుక్క. తర్వాత మీరంతా మర్యాదకి ఏవేవో చెబుతారు. ఒళ్లు మర్యాద చూడదు.”

ఇక మా రెండో నియమం. కథ చదివినవాళ్లు, అందరూ మాట్లాడటం పూర్తయ్యేదాకా నోరు విప్పకూడదు. అమెరికాలో అయోవా యూనివర్సిటీ 1936లో రైటర్స్ వర్క్‌షాప్ మొదలుపెట్టింది. అలాంటి వర్క్‌షాపుల ద్వారానే ఈ పద్ధతి చాలా దేశాలకి పాకింది. మంచి నియమమే. కథ అచ్చయ్యాక పాఠకుడి పక్కన కూర్చుని మన ఉద్దేశం చెప్పలేం కదా. నాకు అది చాలా మేలు చేసింది. కానీ దానివల్ల జరిగిన ఒక అన్యాయంలో నాకు భాగం ఉంది.

మాతో పాటు వచ్చే ఒకావిడ ఉండేది. నా ఈడుదే, నాకు స్నేహితురాలు. ఏడాదికి ఒక్క కథ రాసేది. ఆ ఏడాది కథలో తల్లి చనిపోయిన రోజు కూతురు దండెం మీద బట్టలు తెచ్చుకుని ఒక్కొక్కటీ మడతపెడుతూ కూర్చుంటుంది. ఇంటి నిండా జనం. ఆమె ఏడవదు. తువ్వాళ్లు, చొక్కాలు, దిండు గలీబులు అన్నీ మడతపెడుతుంది. చివర్లో పెద్ద దుప్పటి మిగులుతుంది. దాన్ని మడతపెట్టాలంటే ఇద్దరు కావాలి. ఒక వైపు కొసలు రెండూ పట్టుకుని లేచి నిలబడి, అవతలి కొసలు అందుకునే మనిషి కోసం తలెత్తి చూస్తుంది. కథ అక్కడ అయిపోలేదు. ఆ తర్వాత ఇంకో పేరా ఉంది, కూతురి దుఃఖం గురించి.

చదవడం అయ్యింది. ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం నాకు ఇబ్బందిగా అనిపించింది. మొదట నేనే నోరు తెరిచాను.

“నాకు నమ్మబుద్ధి కావట్లేదు. అమ్మ పోయిన రోజు ఏ కూతురూ బట్టలు మడతపెడుతూ కూర్చోదు.”

నేను అలా అన్నాక ఇంకో ఇద్దరు అందుకున్నారు. పాత్ర మనస్తత్వం కుదరలేదన్నారొకరు, రచయిత్రి కావాలని ఏడుపు ఆపిందన్నారు ఇంకొకరు. చర్చ ఒక్కసారి ఒక దారిలో పడితే అందరూ అదే దారిలో నడుస్తారు, నేను ప్రతి నెలా చూసే సంగతే. ఆవిడ నియమం ప్రకారం మాట్లాడకుండా, కాగితాలు మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తన వంతు వచ్చినప్పుడు, “సరే, చూసుకుంటాను,” అంది అంతే. తర్వాతి నెల రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. ఫోన్ చేస్తే ముక్తసరిగా మాట్లాడేది. ఏడాది పోయాక ఎవరో చెప్పారు, వాళ్లమ్మ పోయిన రోజు ఆవిడ చేసింది అదేనని.

జరిగింది కాబట్టి కథలో నమ్మి తీరాలని కాదు. నిజంగా జరిగినవే కాగితం మీద అబద్ధంలా కనపడటం మేము ఎన్నోసార్లు చూశాం. కానీ ఆ రోజు నేను కథ విని ఆ మాట అనలేదు. నాకు తెలిసిన కూతుళ్లని తలుచుకుని అన్నాను. పైగా జవాబు చెప్పే వీలు లేని మనిషితో అన్నాను. నోరు విప్పకూడదన్న ఆ నియమం, తమ బతుకు మిగతావాళ్లకి తెలియని రచయితల మీద ఎక్కువ బరువేస్తుందని తర్వాతి కాలంలో చాలామంది రాశారు. అవి చదివినప్పుడల్లా ఆవిడ ఒళ్లో మడిచిన కాగితాలు గుర్తొచ్చేవి.

గది ఎలా ఆగిపోయిందో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒకరికి ట్రాన్స్‌ఫర్, ఒకరికి మోకాళ్లు, ఇంటి యజమాని మేడ అద్దెకిచ్చుకున్నాడు. పన్నెండు మంది ఆరుగురయ్యారు, తర్వాత ముగ్గురు. కొన్నాళ్లు మాస్టారి ఇంట్లో కలిశాం, ఆయన మంచం పక్కన. ఆఖరి నెలల్లో ఆయనకి అసలు వినపడేది కాదు. అయినా చదవమనేవారు. నా పెదాలు చూస్తూ, కాపీ మీద వేలు కదుపుతూ కూర్చునేవారు. ఆ వేలు సరిగ్గా నేను చదివే మాట మీదే ఉండేది.

పోయిన ఏడాది వాళ్లమ్మాయి ఇల్లు సర్దుతూ, మా కథల కాపీలన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి నాకు ఇచ్చింది. నెలల వారీగా దారం కట్టి ఉన్నాయి. నా ప్లాట్‌ఫామ్ కథ తీశాను. పద్నాలుగు చుక్కలు. వాన పేరా దగ్గర చుక్క లేదు, పక్కన పెన్సిల్‌తో ఒక అడ్డగీత, అంతే. నాటకాల ఆయన కథ మూడు ప్రతులూ ఉన్నాయి. నేను చదివిన ప్రతి అంచంతా చుక్కలే.

అడుగున ఆవిడ కథ ఉంది. ఏడు పేజీలు. ఒక్కో పేజీ తిప్పాను. ఒకటిలో చుక్క లేదు. రెండులో లేదు. పేజీల అడుగున నిమిషాలు మాత్రం ఉన్నాయి. తువ్వాళ్ల దగ్గర లేదు, దిండు గలీబుల దగ్గర లేదు, దుప్పటి దగ్గర లేదు. కాగితాన్ని దీపం దగ్గర పెట్టి, చెరిగిపోయాయేమోనని వేలితో తడిమి చూశాను. ఆరున్నర పేజీలు. గదిలో అంతమందిమి ఉన్నాం, పైగా ఆ కుర్చీలు. ఒక్కరం కదల్లేదు. నేనూ కదల్లేదు. ఆఖరి పేరా పక్కన మాత్రం వరసగా మూడు చుక్కలు ఉన్నాయి.

జెరాక్సు తీయించుకోలేదు. అసలు ప్రతినే కవర్లో పెట్టి, చుక్కల సంగతి, ఆ రోజు నేను అన్న మాట సంగతి రెండు పేజీల ఉత్తరం రాసి పంపాను. వారం దాకా ఏమీ లేదు. పదో రోజు రాత్రి ఫోన్ మోగింది. పిల్లల సంగతులు అడిగింది, నా కంటి ఆపరేషన్ గురించి అడిగింది. కథ ఊసు ఎత్తుతుందేమోనని నేను ఎదురుచూస్తున్నాను, ఎత్తలేదు. పెట్టేస్తుందనుకున్నాను.

“ఆఖరి పేరా తీసేశాను,” అంది. “దుప్పటి దగ్గర ఆపాను. చదవనా?”

చదవమన్నాను. కాగితాలు సర్దుకున్న చప్పుడు వినపడింది. తర్వాత గొంతు సవరించుకుంది.